రెండు ఖరీదైన హెడ్‌ఫోన్ల ధ్వనిని ఇంట్లోనే సరిపోల్చుకోవడం ఎలా?

లక్ష రూపాయలు, కొన్నిసార్లు అంతకు మించి పెట్టి హెడ్‌ఫోన్లు కొనబోయే మనిషికి, రెండు జతలనూ విని చూసి తీసుకోమని అందరూ సలహా ఇస్తారు గానీ, ఎలా వినాలో మాత్రం ఎవరూ చెప్పరు. నేను ఒంగోలులో ఉంటాను. ఈ తరగతి హెడ్‌ఫోన్లను తీరిగ్గా కూర్చుని విని కొనుక్కునే దుకాణం మా ఊళ్లో నాకు దొరకలేదు కనుక, కొన్నేళ్ల కిందట చెన్నై వెళ్లి, ఒక దుకాణంలో రెండు జతలను ఒకదాని తరువాత ఒకటి పెట్టుకుని విన్నాను. వాటిలో ఒకటి రెండోదానికంటే ఎంతో స్పష్టంగా ఉందని నమ్మి, దానినే కొనుక్కుని పినాకిని ఎక్కి ఇంటికి వచ్చాను. తరువాత నెల్లూరులో ఉండే మా బావగారు ఆ రెండో జతనే కొన్నారు. ఆయన దానిని నాకు పది రోజులు ఇచ్చినప్పుడు, రెండింటి శబ్దస్థాయినీ కొలిచి సమానం చేసి వింటే, దుకాణంలో నన్ను అంతగా ఆకట్టుకున్న స్పష్టత సగానికి పైగా మాయమైంది. ఒకదాని వాల్యూమ్‌ను డెసిబెల్ నర పెంచగానే ఆ స్పష్టత మళ్లీ వచ్చేసింది. దుకాణంలో అమ్మే అతను నాబ్‌ను ఆ మాత్రం ఎక్కువ తిప్పి ఉంటాడని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ పది రోజుల్లో నేను నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. నా దగ్గర ఉన్నది సెన్‌హైజర్ హెచ్‌డి 800 ఎస్, బావగారిది ఆడెజీ ఎల్‌సిడి-ఎక్స్. మొదటిది మామూలు డైనమిక్ డ్రైవర్‌తోను (ధ్వనిని పుట్టించే భాగమే డ్రైవర్), రెండోది పలుచని పొరను అయస్కాంతాల మధ్య కదిలించే ప్లానార్ పద్ధతిలోను పని చేస్తాయి. మీ దగ్గర ఉన్న జతలు వేరైనా పద్ధతి మాత్రం మారదు.

గది, వేళ

ఈ తరగతి హెడ్‌ఫోన్లలో చాలావరకు వెనుక భాగం తెరిచి ఉండేవే కనుక, గదిలోని చప్పుడంతా నేరుగా చెవిలోకి వస్తుంది. తలపై తిరిగే ఫ్యాన్ హోరు పాటలోని అతి సన్నని వివరాలను కప్పేస్తుంది; అది చాలదన్నట్టు ఆ గాలి హెడ్‌ఫోన్ జాలీకి తగిలి గరగరమంటుంది. రోహిణీ కార్తెలో మన వైపు ఫ్యాన్ ఆపి కూర్చోవడం ఎవరి తరమూ కాదు కాబట్టి, తెల్లవారుజామున నాలుగు గంటల నుంచి ఆరు లోపు వినడం ఉత్తమం. ఆ వేళకు వీధిలో నీళ్ల మోటార్లు కూడా ఇంకా మొదలుకావు. ఏసీ ఉన్నవారు గదిని ముందుగా చల్లబరచి, ఆపేసి, ఇరవై నిమిషాల పాటు వినవచ్చు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మాత్రం పోలిక పెట్టుకోకండి, ఎందుకంటే కొన్ని ఇన్వర్టర్ల విద్యుత్తు వల్ల యాంప్లిఫైయర్‌లో సన్నని గుయ్యిమనే మోత వినిపిస్తుంది. ల్యాప్‌టాప్ నుంచి వింటున్నట్లయితే చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి.

రెండింటికీ ఒకే దారి

ఒకే ఫైలు, ఒకే డాక్ (డిజిటల్ ఫైలును విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం), ఒకే యాంప్లిఫైయర్, అందులోనూ ఒకే సాకెట్ వాడాలి. ఒకదానిని మామూలు సాకెట్‌లోను, రెండోదానిని బ్యాలెన్స్‌డ్ సాకెట్‌లోను (ఎడమ కుడి చానళ్లకు విడివిడి తీగల జతలుండేది) పెట్టి వింటే ఆ పోలికకు అర్థం లేదు. చాలా యాంప్లిఫైయర్లలో బ్యాలెన్స్‌డ్ సాకెట్ రెట్టింపు వోల్టేజీ, అంటే 6 డెసిబెల్స్ ఎక్కువ ఇస్తుంది. కంప్యూటర్‌లోను, పాటలు వినిపించే యాప్‌లోను ఉన్న బాస్ బూస్ట్, సరౌండ్, వాల్యూమ్ సవరణ వంటి హంగులన్నీ ఆపేయండి. బ్లూటూత్ జోలికి వెళ్లకండి.

యాంప్లిఫైయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఎంతో తప్పక చూడండి. ఇంపెడెన్స్ అంటే ఏసీ విద్యుత్తుకు ఎదురయ్యే నిరోధం; దానిని ఓమ్‌లలో కొలుస్తారు. హెచ్‌డి 800 ఎస్ ఇంపెడెన్స్ 300 ఓమ్‌లు అని రాసి ఉన్నా, 100 హెర్ట్జ్ (సెకనుకు 100 కంపనాలుండే లోతైన శ్రుతి) దరిదాపుల్లో అది 600 ఓమ్‌లు దాటుతుంది. 120 ఓమ్‌ల అవుట్‌పుట్ ఉన్న పాతకాలపు యాంప్లిఫైయర్‌కు దానిని తగిలిస్తే, అక్కడ బాస్ ఒక డెసిబెల్‌కు పైగా పెరుగుతుంది. ఎల్‌సిడి-ఎక్స్ మాత్రం అన్ని శ్రుతుల్లోను దాదాపు 20 ఓమ్‌ల దగ్గరే ఉంటుంది కనుక దాని స్వభావం మారదు. అంటే మీరు రెండు హెడ్‌ఫోన్లను పోలుస్తున్నామని అనుకుంటూ, నిజానికి యాంప్లిఫైయర్ ఒకదానికి మాత్రమే చేసిన మార్పును వింటుంటారు. అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 2 ఓమ్‌ల లోపు ఉన్న యాంప్లిఫైయర్ అయితే ఈ రెండింటికీ న్యాయం జరుగుతుంది.

తల మీద కూర్చునే తీరు

ఇయర్‌ప్యాడ్‌లు అణిగిపోయి ఉంటే డ్రైవర్ చెవికి దగ్గరవుతుంది, ధ్వని మారిపోతుంది. కొత్త జతను పాత ప్యాడ్‌లున్న జతతో పోల్చడం న్యాయం కాదు. కళ్లద్దాలు పెట్టుకునేవారు వాటిని తీసేసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి విని చూడాలి. కళ్లద్దాల కాడ దగ్గర ప్యాడ్ కొద్దిగా లేచినా ప్లానార్ హెడ్‌ఫోన్లలో అట్టడుగు బాస్ తగ్గుతుంది. మీకు బాగా కుదిరిన స్థానాన్ని గుర్తుంచుకుని, మార్చిన ప్రతిసారీ అలాగే పెట్టుకోండి. ఒక వేలెడు ముందుకో వెనక్కో జరిగినా హెచ్చు శ్రుతుల ధ్వనిలో తేడా తెలుస్తుంది.

శబ్దస్థాయిని సమానం చేయడం

ఈ పని చేయకపోతే మిగతావన్నీ ఎంత శ్రద్ధగా చేసినా వృథా అవుతాయి. ఒక డెసిబెల్ తేడా ఉన్నప్పుడు "ఇది కొంచెం గట్టిగా ఉంది" అని మన చెవి చెప్పదు. "ఇందులో గొంతు స్పష్టంగా ఉంది, బాస్ నిండుగా ఉంది" అని చెబుతుంది. ధ్వని పెరిగేకొద్దీ బాస్ శబ్దాలు మన చెవికి దామాషా కంటే ఎక్కువగా వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే రేఖలు గీసి చూపించారు. కాబట్టి గట్టిగా మోగుతున్న జత, ఏ గొప్పతనమూ లేకుండానే, నిండుగా వినిపిస్తుంది.

పెట్టె మీద ఉండే సెన్సిటివిటీ అంకెలను (ఇంత విద్యుత్తుకు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పేవి) చూసి రెండూ ఒకటేనని అనుకోకండి. హెచ్‌డి 800 ఎస్‌కు 102 డెసిబెల్స్ అని, ఎల్‌సిడి-ఎక్స్‌కు 103 డెసిబెల్స్ అని కనిపిస్తాయి. మొదటిది ఒక వోల్ట్‌కు, రెండోది ఒక మిల్లీవాట్‌కు చెప్పిన లెక్క. 20 ఓమ్‌ల మీద ఒక వోల్ట్ పెడితే 50 మిల్లీవాట్లు అవుతుంది. ఒక మిల్లీవాట్‌తో పోలిస్తే అది 17 డెసిబెల్స్ ఎక్కువ. అంటే అదే ఒక వోల్ట్‌కు ఎల్‌సిడి-ఎక్స్ 120 డెసిబెల్స్ ఇస్తుంది. ఒకటే నాబ్ స్థానంలో రెండింటికీ మధ్య 18 డెసిబెల్స్ తేడా ఉంటుందన్నమాట. హెచ్‌డి 800 ఎస్ వింటున్న స్థానంలోనే నాబ్‌ను ఉంచి రెండోదానిని చెవులకు తగిలించుకుంటే చెవులకు ప్రమాదం కనుక, జత మార్చే ముందు నాబ్‌ను పూర్తిగా తగ్గించడం అలవాటు చేసుకోవాలి.

ఇప్పుడు కొలత మొదలుపెడదాం. దీనికి కావలసింది మిల్లీవోల్టుల ఏసీ కొలవగల మల్టీమీటర్, పాత హెడ్‌ఫోన్ ప్లగ్ ఒకటి, ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాం. ఆడాసిటీలో పూర్తి స్థాయిలో 60 హెర్ట్జ్ సైన్ టోన్ ఒక నిమిషం తయారు చేసుకోండి. హెడ్‌ఫోన్లను యాంప్లిఫైయర్ నుంచి తీసేయండి. ఈ టోన్‌ను ఎవరూ వినాల్సిన పని లేదు. పాత ప్లగ్‌కు ఉన్న తీగల కొసలను విడదీసి, ఎడమ చానల్ తీగకు ఒక ప్రోబ్, గ్రౌండ్ తీగకు ఇంకో ప్రోబ్ తగిలించండి. తీగలు ఒకదానికొకటి తాకకుండా మధ్యలో ఇన్సులేషన్ టేపు చుట్టండి. టోన్ నడుస్తుండగా మీటర్ 0.8 వోల్టులు చూపించేదాకా నాబ్ తిప్పండి. అది హెచ్‌డి 800 ఎస్ స్థానం. తరువాత 0.1 వోల్ట్‌కు తగ్గించండి. అది ఎల్‌సిడి-ఎక్స్ స్థానం. ఎనిమిదో వంతు వోల్టేజీ అంటే 18 డెసిబెల్స్ తక్కువ కనుక, ఈ రెండు స్థానాల్లో పాటలోని గరిష్ఠ శిఖరం రెండింటిలోను 100 డెసిబెల్స్ దగ్గర ఆగుతుంది. మామూలు పాట సగటు దానికంటే పదిహేను డెసిబెల్స్ వరకు కిందే ఉంటుంది.

నేను ఈ రెండు స్థానాలను నాబ్ చుట్టూ బొట్టుబిళ్లలతో గుర్తు పెట్టుకున్నాను. హెచ్‌డి 800 ఎస్‌కు ఎర్రది, ఎల్‌సిడి-ఎక్స్‌కు ఆకుపచ్చది. నాబ్ మరీ కిందికి, దాదాపు సున్నా దగ్గరికి వచ్చేస్తే చాలా యాంప్లిఫైయర్లలో ఎడమ కుడి చానళ్ల మధ్య సమతౌల్యం తప్పుతుంది. అలా జరిగితే యాంప్లిఫైయర్‌లోని లో గెయిన్ మీట (ధ్వని పెంపును తగ్గించేది) నొక్కి, కొలత మళ్లీ మొదటి నుంచి తీసుకోండి.

ఇది సగం పని మాత్రమే. కంపెనీ చెప్పే సెన్సిటివిటీ సాధారణంగా 1000 హెర్ట్జ్ దగ్గర తీసుకున్న అంకె. ఒకే మోడల్‌లోనే ఒక జతకూ ఇంకో జతకూ కొంత తేడా ఉంటుంది. అందుచేత ఆడాసిటీలోనే పింక్ నాయిస్ (అన్ని శ్రుతులూ కలిసిన హోరు) తయారు చేసి, 500 నుంచి 2000 హెర్ట్జ్ మధ్య భాగాన్ని మాత్రం ఉంచి, మిగతాది ఫిల్టర్‌తో తీసేయండి. చెట్ల ఆకుల మీద వాన పడుతున్నట్టు ఉండే ఆ శబ్దాన్ని ఒక హెడ్‌ఫోన్‌లో ఐదు సెకన్లు, రెండోదానిలో ఐదు సెకన్లు వింటూ, కంప్యూటర్ వాల్యూమ్‌ను అర డెసిబెల్ చొప్పున సవరించండి. ఒకసారి తక్కువ నుంచి పైకి, ఒకసారి ఎక్కువ నుంచి కిందికి వచ్చి, రెండింటి మధ్య స్థానం తీసుకోండి. నాకు వోల్టేజీ లెక్కకూ చెవి లెక్కకూ మధ్య ఒక డెసిబెల్ తేడా వచ్చింది. అలాంటప్పుడు చెవి లెక్కనే నమ్మాలి. పాటలోని పాడే గొంతు ఎక్కువగా ఉండే భాగం ఇదే కనుక, ఇక్కడ సమానం చేస్తే గొంతు రెండింటిలోను ఒకే దూరంలో నిలుస్తుంది. బాస్‌లోను, హెచ్చు శ్రుతుల్లోను మిగిలిన తేడాలే ఆ హెడ్‌ఫోన్ల అసలు స్వభావం.

ఏయే రికార్డింగులు వినాలి

పోలికకు ఇరవై పాటలు పెట్టుకునేవారిని చూశాను. అన్ని అక్కర్లేదు. మీకు అణువణువూ తెలిసినవి నాలుగైదు చాలు, కాని ఒక్కొక్కటీ ఒక్కొక్క ప్రశ్నకు జవాబు చెప్పేదిగా ఉండాలి.

మొదటిది నాదస్వరం. ఒంగోలు పక్కనే కరవదిలో 1924లో పుట్టి, తరువాత శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా కచేరీ రికార్డింగు ఒకటి నేను ఎప్పుడూ వాడతాను. మనిషి చెవి 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్య అతి సున్నితంగా ఉంటుంది. నాదస్వరం తన బలమంతా చూపేది కూడా ఆ దరిదాపుల్లోనే. ఆ భాగంలో హెడ్‌ఫోన్ కాస్త ఎక్కువ చేస్తే పై షడ్జం దగ్గర చెవి ముడుచుకుంటుంది. తక్కువ చేస్తే నాదస్వరం తన పదును పోగొట్టుకుని దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. పక్కన వాయించే డోలు, అంటే తవిల్, మరో రెండు సంగతులు చెబుతుంది. కుడి వైపు గట్టి తొడుగులున్న వేళ్ల దెబ్బ ఎంత త్వరగా మొదలై ఎంత త్వరగా ఆగిందో, ఎడమ వైపు కర్ర దెబ్బలో ఉన్న గాంభీర్యం ఎంత కిందికి దిగిందో గమనించండి. ఎల్‌సిడి-ఎక్స్‌లో కర్ర దెబ్బ తరువాత చర్మం కదిపిన గాలి కూడా తెలిసింది. హెచ్‌డి 800 ఎస్‌లో వేళ్ల దెబ్బలు ఒక్కొక్కటీ విడివిడిగా లెక్కపెట్టగలిగేలా వినిపించాయి.

రెండోది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతు. నెల్లూరువాళ్లు ఆయనను తమవాడిగా చెప్పుకుంటారు కనుక అభిమానం కొద్దీ చెబుతున్నానని అనుకోకండి. దీనికి వేరే కారణం ఉంది. 1966లో పాడటం మొదలుపెట్టిన ఆయన గొంతు, రెండు చెవులకూ ఒకే ధ్వని వచ్చే మోనో రోజుల నుంచి, స్టీరియో టేపుల కాలం మీదుగా, డిజిటల్ రికార్డింగుల దాకా మనకు దొరుకుతుంది. ఒక్కొక్క కాలం నుంచి ఒక పాట తీసుకోండి. 'స', 'శ' అక్షరాలు మూడింటిలోను ఒకేలా కోసుకుంటూ వినిపిస్తే తప్పు హెడ్‌ఫోన్‌ది; ఒకదానిలోనే అలా ఉంటే తప్పు ఆ రికార్డింగుది. ఈ ఒక్క పరీక్షతో, మంచి జతలకు అనవసరంగా వేసే నిందలు చాలావరకు తొలగిపోతాయి.

మూడోది మోనోలో ఉన్న పాత పాట ఏదైనా సరే. ఘంటసాల కాలం నాటి పాటల్లో ఎన్నో అలాంటివే. వేదిక (వాద్యాలు మన చుట్టూ పరుచుకుని వినిపించే స్థలం) ఎంత విశాలంగా ఉందో చూడటానికి మోనో పనికిరాదు గానీ, గొంతు తల నడి మధ్యలో నిలుస్తోందా, ఒక పక్కకు ఒరుగుతోందా అన్నది తేల్చడానికి దానికి మించింది లేదు. ఒరిగితే హెడ్‌ఫోన్‌ను తిప్పి, ఎడమది కుడివైపు పెట్టుకుని వినండి. ఒరుగుడు కూడా తిరిగితే తేడా హెడ్‌ఫోన్‌లోనో యాంప్లిఫైయర్‌లోనో ఉంది. తిరగకపోతే మీ చెవిలోనో, కూర్చోబెట్టిన తీరులోనో ఉంది.

నాలుగోది మీరే తయారు చేసుకోవాలి. ఇంట్లో ఎవరినైనా నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చోబెట్టి, పేపరు చదివిస్తూ ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేయండి. నేను మా అమ్మ గొంతు రికార్డు చేశాను. ఏ గాయకుడి అసలు గొంతు ఎలా ఉంటుందో మనకు నిజంగా తెలియదు, కాని ఇంట్లో మనిషి గొంతు పక్క గదిలో దగ్గినా గుర్తుపడతాం. ఆ గొంతుకు ఏ జత ముక్కుతో మాట్లాడినట్టు చేస్తోందో, ఏది ఛాతీ బరువు కలుపుతోందో పది సెకన్లలో తెలిసిపోతుంది.

వినే క్రమం

ధ్వని వివరాలను మనసు కొద్ది సెకన్లకు మించి యథాతథంగా నిలుపుకోలేదు. ఒక జతలో పాట మొత్తం విని, టీ తాగి వచ్చి, రెండోదానిలో వింటే పోలుస్తున్నది శబ్దాన్ని కాదు, జ్ఞాపకాన్ని. కాబట్టి పదిహేను ఇరవై సెకన్ల ముక్కను ఎంచుకుని, ఒకే ప్రశ్న మనసులో పెట్టుకుని, ఎ, బి, ఎ, బి అన్న వరుసలో వినండి. ముందు డోలు ఎడమ దెబ్బ మాత్రమే; అది తేలాక నాదస్వరం పదును; ఆ తరువాతే వేదిక వెడల్పు. పక్కన ఒకరు ఉండి నాబ్‌ను బొట్టుబిళ్ల దగ్గరికి తిప్పుతుంటే మార్పిడికి ఐదారు సెకన్లకు మించి పట్టదు.

విన్న వెంటనే నోట్‌బుక్‌లో రాయండి, అదీ మీరు ఇంట్లో మాట్లాడే మాటల్లోనే రాయండి. సమీక్షల నుంచి తెచ్చుకున్న పదాలు రాస్తే సమీక్షకుడు విన్నదే మనకూ వినిపించడం మొదలవుతుంది. మా అమ్మకు రెండు జతలూ పెట్టి నాదస్వరం వినిపించి, ఏమీ చెప్పకుండా ఎలా ఉందని అడిగాను. "ఇందులో సన్నాయి వాకిట్లో వాయిస్తున్నట్టుందిరా, అందులో నట్టింట్లోనే వాయిస్తున్నట్టుంది" అని చెప్పింది. మొదటిది హెచ్‌డి 800 ఎస్. డ్రైవర్లను చెవికి దూరంగా, కొంచెం ముందు నుంచి ఏటవాలుగా అమర్చడం వల్ల దానిలో ధ్వని తల బయటికి జరిగినట్టు ఉంటుంది. వేదిక గురించి నేను రెండు పేజీలు రాసుకున్నదంతా ఆవిడ ఒక్క వాక్యంలో చెప్పేసింది.

కళ్లు మూసుకుని, ఏది ఏదో తెలియకుండా వినడం ఇక్కడ దాదాపు అసాధ్యం. హెచ్‌డి 800 ఎస్ 330 గ్రాములు, ఎల్‌సిడి-ఎక్స్ 612 గ్రాములు. తల మీద పెట్టగానే తెలిసిపోతుంది. అందుకు బదులు మీ చెవి నిలకడను పరీక్షించుకోండి. మొదటి రోజు రాసిన పేజీని మడిచి పెట్టి, మరునాడు అదే వేళకు అవే ముక్కలు విని మళ్లీ రాయండి. రెండు రోజులూ ఒకేలా రాసినవి మాత్రం ఉంచి, మారిపోయినవి కొట్టేయండి. నేను మొదటి రోజు రాసిన పదకొండు తేడాల్లో మూడో రోజుకు మిగిలినవి ఐదు.

మిగిలిన తేడాలను ఈక్వలైజర్‌తో తరచి చూడటం

ఆ మిగిలినవాటిలో ఏది సులభంగా సరిదిద్దుకోగలదో, ఏది కాదో తెలుసుకుంటే నిర్ణయం తేలికవుతుంది. 2009లో వచ్చిన మొదటి హెచ్‌డి 800లో 6000 హెర్ట్జ్ దగ్గర ధ్వని ఎక్కువగా పెరిగే ఒక శిఖరం ఉండేది. 2016లో వచ్చిన ఎస్‌లో దానిని అణిచే ఏర్పాటు చేశారు గానీ, కొందరి చెవులకు ఆ ప్రాంతం ఇంకా పదునుగానే ఉంటుంది. అక్కడ ఈక్వలైజర్‌తో (ఎంచుకున్న శ్రుతులను మాత్రం పెంచే, తగ్గించే సాధనంతో) రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి, శబ్దస్థాయి మళ్లీ సమానం చేసి వినండి. మీ ఫిర్యాదు దానితో తీరిపోతే, ఆ ఒక్క కారణానికి ఆ జతను వదులుకోనక్కర్లేదు. వేదిక వెడల్పును మాత్రం ఏ ఈక్వలైజర్ ఇవ్వలేదు. బరువును తగ్గించే మీట కూడా ఎక్కడా లేదు.

చివరిగా వారం రోజులు

చిన్న ముక్కల పోలికలో బయటపడని సంగతులు ఉంటాయి కనుక, వీలైతే మూడు రోజులు ఒకటి, మూడు రోజులు ఇంకొకటి చొప్పున, నోట్‌బుక్ లేకుండా, మామూలుగా పాటలు వినండి. గంట తరువాత మీరే తెలియకుండా వాల్యూమ్ తగ్గిస్తున్నారా, మెడ నొస్తోందా, ప్యాడ్ కింద చెమట పడుతోందా గమనించండి. మన కోస్తా ఉక్కలో తోలు ప్యాడ్‌కూ గుడ్డ ప్యాడ్‌కూ మధ్య ఉన్న తేడా, వేసవిలో ధ్వని తేడా కంటే పెద్దదిగా కనిపించవచ్చు. వారానికి 40 గంటలు వినేవారికి 80 డెసిబెల్స్ హద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ పోలిక పెట్టుకున్న వారంలో ఆ హద్దును దాటడం చాలా సులభం కనుక, అరగంటకు ఒకసారి పది నిమిషాలు చెవులకు విశ్రాంతి ఇవ్వండి.

నేను చివరికి హెచ్‌డి 800 ఎస్‌నే ఉంచుకున్నాను. కచేరీలు ఎక్కువగా వినే నాకు వాకిట్లోని సన్నాయే కావాలి. సినిమా పాటలు వినే బావగారు, కర్ర దెబ్బలోని ఆ గాలి కోసం ఎల్‌సిడి-ఎక్స్‌తోనే ఉన్నారు. తెచ్చుకున్న జతను తిరిగి ఇచ్చేటప్పుడు ప్యాడ్‌లను పొడి మెత్తని గుడ్డతో తుడిచి, సముద్రపు గాలి తేమ పట్టకుండా పెట్టెలో సిలికా జెల్ సంచి ఒకటి వేసి, మీ యాంప్లిఫైయర్ మీద ఆ జతకు తేలిన వోల్టేజీని ఒక చీటీ మీద రాసి మీ దగ్గర దాచుకోండి. మళ్లీ ఇంకో జత చేతికి వచ్చిన రోజున కొలత అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.